తెర తాడు

మున్సిపాలిటీ నోటీసుల ఒక గడి ఉన్నది:
ఈ కట్టడం ఎప్పటిది, ఆధారమేంది?
గత్తర వచ్చిన ఏడు అంటది మా పెద్దమ్మ.
కాదు, పోలీస్ యాక్షన్‌కు రెండేండ్ల ముందట అంటడు
పాన్‌డబ్బా రాచప్ప, అప్పటికి తను పుట్టకున్నా సరే.
కాగితం నా దగ్గర లేదు.
మా తాత బసలింగప్ప అరచేతిల తాడు కోసిన గాడి ఉండె.
దాని మీద తారీకు లేదు.

నారాయణపేటల, సరాఫ్ బజారు ఎనుక,
మూడు దిక్కుల మట్టిగోడ, నాలుగో దిక్కు రేకులు.
మొదలు అది పత్తి గోదాం.
గుండోజీ సేటు దివాళా తీస్తే
బాకీ కింద ఖాసిం సాబు చేతికొచ్చింది.
పత్తి లేని గోదాంల ఏం అమ్మాలె?
నవ్వు అమ్ముదాం, పురుగు పట్టే సరుకు కాదన్నడట.
బోర్డు మీద వెరైటీ థియేటర్ అని రాయించిండు.
ఊరి నోట్లె అది యారాటి హాలు అయింది,
ఇప్పటికీ ఆ గల్లీ యారాటి గల్లీనే.

పొద్దంత మగ్గం గుంతల కాళ్లు,
పొద్దుగూకినంక తెర తాడు మీద చేతులు, మా తాతవి.
ఆ తెర ఆయన నేసిందే:
అంచు తప్పి బేరం పోని పదహారు చీరెలు
ఒకదానికొకటి కుట్టి.
ముందు బెంచీలోళ్లకు రంగు కనపడేది.
ఆయనకు ఎక్కడెక్కడ పోగు తెగిందో కనపడేది.

ఆట ఒక్కటి, భాషలు మూడు.
మరాఠీ జోకు పడితే
సేట్లు ముందుగాల నవ్వుతరు,
యాద్గిర్ దిక్కు కన్నడపోళ్లు జర ఆగి నవ్వుతరు,
మనోళ్లు పక్కోన్ని అడిగి, అర్థం చేసుకోని, అప్పుడు.
ఒక్క జోకుకు మూడు నవ్వులు.
ఏషగాడు అక్కడ్నే నిలబడి
మూడోది వచ్చేదాంక మీసం దువ్వుకునేటోడు.

ఆడేషం మొగులయ్యది.
దినానికి రెండుసార్లు గడ్డం గీసుకునేటోడు.
చంపాబాయి వచ్చినంక, నిజం ఆడమనిషి,
ఇగ ఆయన దుకాణం బంద్ అనుకున్నరు.
ఆమెకు నడక నేర్పింది ఆయనే.

ప్రొఫెసర్ జలాల్ కోడిని మాయం చేసేటోడు.
ఓనాడు రెండు వారాల గల్లాతోని తనే మాయమైండు.
కోడి మిగిలింది.
ఖాసిం సాబు దాన్ని కొయ్యలేదు.
టికెట్ కిటికీల కూసోని గుడ్లు పెట్టుకుంట
మూడేండ్లు బతికింది,
అసలు మునిగినంక వచ్చే వడ్డీ లెక్క.

కరువు ఏడు ఎవలకాడ పైసల్లేవు,
టికెట్‌కు గిద్దెడు జొన్నలు అన్నరు.
బొంబాయి బస్సు తెల్లారగట్ల నాలుగింటికి.
పోయెటోళ్లు మూటలతోటే వచ్చి కూసున్నరు,
పిల్లలను మూటల మీద పండవెట్టి.
ఆ రాత్రి తాత తెర దించలేదట.
దించితే లేస్తరు గదా, అన్నడట.
మొగులయ్య పాడిన పాటనే మళ్ల పాడుకుంట
హారన్ మోగేదాంక సాగదీసిండు.

తర్వాత సంగతి నాకు తెలుసు, చెప్పబుద్ధి కాదు.
రికార్డింగ్ డ్యాన్సులు, పోలీసులు, తాళం.
ఆఖరాటకు తొమ్మిదిమంది,
అందుల ముగ్గురు మా ఇంటోళ్లే.
తెరను చంపాబాయి అడిగి తీసుకపోయిందంటరు.
ఆ మాట ఎత్తితే మా అవ్వ
పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచిపోయేది.

ఇప్పుడు లోపల పల్లికాయ బస్తాలు.
నోటీసుకు ఫొటో కావాలంటే నిన్న పోయిన.
పైన గిలక అట్లనే ఉన్నది,
తాడు ముక్క ఏలాడుతున్నది.
గుంజిన.
కిర్రుమన్నది. దుమ్ము రాలింది, ఇంకేం లేదు.
బస్తా మోస్తున్న హమాలి పిలగాడు,
ఇరవై ఏండ్లు కూడ ఉండయి,
బరువు వీపు మీదనే ఉంచుకోని
ఆగిండు,
ఎదురుంగ ఉత్త గోడ దిక్కు చూసిండు.